చంపలేదు గదా!

మన వైపు పిల్లిని చంపరు. చంపితే మహాపాపమనీ, ఆ పాపం పోవాలంటే బంగారంతో పిల్లిని చేయించి కాశీలో దానం చెయ్యాలనీ పెద్దవాళ్ళు చెప్పగా చిన్నప్పుడు అందరం విన్నవాళ్ళమే. బంగారం ధర తెలుసు గనక ఆ సాహసం ఎవరూ చెయ్యరు. దానికి బదులు గోనెసంచి ఉంది. పెరట్లో పిల్లి పిల్లల్ని పెడితే వాటిని, ఒక్కోసారి తల్లితో సహా, గోనెసంచిలో వేసి మూతి బిగించి స్కూటరు మీద పెట్టుకుని ఊరికి అవతలివైపు వదిలేసి వస్తారు. ఒంగోలులో అయితే పోతురాజు కాలువ అవతలో, కొత్తపట్నం బస్టాండు దగ్గరో, పొగాకు గోడౌన్ల వెనకో. దారి గుర్తుపట్టి తిరిగి రాకుండా సంచిని గిరగిరా తిప్పి మరీ వదిలేవాళ్ళున్నారు. ఇదేంటండీ అని అడిగితే అందరూ చెప్పే జవాబు ఒకటే. "మేమేం చంపలేదు గదా మేడమ్! చేపల తలకాయలన్నా దొరుకుతయ్, బతుకుద్ది."

బతకదు. పిల్లి మనిషిని కాదు, చోటుని పట్టుకుని బతికే జంతువు. తన చోటు నుంచి ఎత్తుకుపోయి ఇంకో చోట పడేస్తే అక్కడి పిల్లులు దాన్ని రానివ్వవు. పాత ఇంటి కోసం వెతుక్కుంటూ ట్రంకు రోడ్డు దాటబోయి లారీ కింద పడుతుంది. కళ్ళు తెరవని పిల్లలైతే ఆ రాత్రి కూడా గడవదు. అయినా పాపం లారీవాడిది, కుక్కలది. సంచి మోసుకెళ్ళిన వాళ్ళ చేతులు శుభ్రంగానే ఉంటాయి.

"చంపలేదు గదా" అన్న ఈ మాట మీదే నా తగాదా. ఈ మాట పిల్లుల దగ్గరే పుట్టలేదు, అక్కడే ఆగిపోలేదు. పెళ్ళైన రెండేళ్ళకు కూతుర్ని పుట్టింటి గుమ్మంలో దించి వెళ్ళిపోయిన అల్లుడి తరఫున పెద్దమనుషులు అనేది ఇదే గదా? "కిరోసిన్ పోసి చంపలేదు గదమ్మా, క్షేమంగా తెచ్చి దించాడు." మతిస్థిమితం లేదని భార్యను ఆసుపత్రిలో చేర్పించి మళ్ళీ చూడని భర్త, ముసలి తల్లిని నెలకొక కొడుకు ఇంటికి తిప్పే కొడుకులు, అందరికీ ఈ మాటే అండ. చంపకపోవడం దయ అయిపోయింది. ప్రాణం తియ్యకుండా వదిలేస్తే చాలు, ఆ ప్రాణం ఎక్కడ, ఏం తిని, ఏ కప్పు కింద బతకాలో వదిలేసినవాళ్ళ బాధ్యత కాదు.

ఆడవాళ్ళను పిల్లులతో పోలుస్తున్నావా అని కొందరు మిత్రులకు కోపం రావచ్చు. పోల్చింది నేను కాదు. ఇల్లు పట్టకుండా తిరిగే ఆడదాన్ని కాలుగాలిన పిల్లి అన్నది మన భాష. ప్రయాణానికి బయల్దేరిన మగవాడికి ఎదురు రాకూడని వాళ్ళ జాబితాలో పిల్లినీ భర్త పోయిన ఆడమనిషినీ పక్కపక్కన నిలబెట్టింది మన శకున శాస్త్రం. పక్కపక్కన నిలబడ్డాం గనక ఆ చోటు నుంచి లోకం ఎలా కనబడుతుందో చెప్తున్నానంతే.

చట్టం కూడా మమ్మల్ని పక్కపక్కనే నిలబెట్టింది. జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం 1960లో వచ్చింది. దాని వెనక ఒక స్త్రీ ఉంది. నాట్యకారిణి రుక్మిణీదేవి అరండేల్ 1952లో రాజ్యసభకు నామినేట్ అయ్యి, 1953లో ఈ విషయం మీద సొంతంగా బిల్లు పెట్టింది. ప్రభుత్వమే చట్టం తెస్తామని నెహ్రూ హామీ ఇచ్చాక దాన్ని వెనక్కి తీసుకుంది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలు ఆమే. ఆ చట్టం 11వ సెక్షను ప్రకారం ఆకలితోనో దాహంతోనో బాధపడే పరిస్థితిలో ఒక జంతువును సరైన కారణం లేకుండా వదిలెయ్యడం నేరం. అంటే గోనెసంచి నేరమే. మరి శిక్ష ఎంత? మొదటిసారికి పది రూపాయలకు తగ్గకుండా, యాభై రూపాయలకు మించకుండా జరిమానా. అరవై ఏళ్ళు దాటినా చట్టంలో ఆ అంకె అలాగే ఉండిపోయింది.

వదిలేసిన భార్య సంగతి? పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడు 125వ సెక్షను కింద మనోవర్తి అడగొచ్చు. దానికీ ఒక గరిష్ఠ పరిమితి ఉండేది, నెలకు ఐదువందల రూపాయలు. 2001లో సవరణ వచ్చేదాకా అంతకు పైసా ఎక్కువ ఇప్పించే అధికారం మేజిస్ట్రేటుకు లేదు. పిల్లిని వదిలేస్తే యాభై, భార్యను వదిలేస్తే ఐదువందలు. ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. వదిలెయ్యడం మన రాజ్యం దృష్టిలో ఎంత చిన్న విషయమో తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. రెండేళ్ళ కిందట నేనొక పిల్లిని దత్తత తీసుకున్నాను. ఒంగోలులో అలా పిల్లిని పద్ధతిగా దత్తతకిచ్చే చోటు వెతికితే నాకు దొరకలేదు. ఒక పెద్ద నగరంలో ఉన్న షెల్టరుకు వెళ్ళాల్సి వచ్చింది. దాని పేరు రాయను. తగాదా వాళ్ళతో కాదు గనక. వీధిలో ఇన్ని పిల్లులుండగా అంత దూరం ఎందుకు అని అడగొచ్చు. వీధి పిల్లికి వీధి అన్నా ఉంది. ఈ పిల్లికి అదీ లేదు. ఏదో ప్రమాదంలో ఒక కన్ను పోయింది, వెనక కాలు కొంచెం ఈడుస్తుంది. బయట వదిలితే బతకదు గనక మూడేళ్ళుగా జాలీ వెనకే ఉంది. దాని పేరు చుక్క.

ఆ షెల్టరు "నో కిల్" షెల్టరు. అంటే జబ్బు నయమయ్యే జంతువునూ, ఆరోగ్యంగా ఉన్నదాన్నీ చోటు చాలలేదనో ఎవరూ తీసుకోలేదనో చంపరు. మనకిది వింతగా ఉంటుంది, షెల్టరు పేరుతో చంపడమేమిటని. అమెరికాలో దశాబ్దాలపాటు జరిగిందదే. తెచ్చిన కుక్కనూ పిల్లినీ కొద్ది రోజులు ఉంచి, ఎవరూ రాకపోతే సూది మందుతో చంపేసేవాళ్ళు. 1994లో శాన్‌ఫ్రాన్సిస్కోలో దత్తతకు పనికొచ్చే ఏ జంతువునూ ఇకమీదట చంపబోమని నగర షెల్టరూ, అక్కడి జంతు సంరక్షణ సంఘమూ ఒప్పందం చేసుకున్నాయి. ఈ ఉద్యమం అక్కణ్ణించే బలపడింది. మన దేశంలో వీధికుక్కల్ని మునిసిపాలిటీలు పట్టుకుని చంపే పద్ధతికి 2001లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనలు అడ్డుకట్ట వేశాయి. ఆపరేషను చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలన్నాయి. మన రాష్ట్రాల్లో 1992లో అమల అక్కినేని మొదలుపెట్టిన హైదరాబాదు బ్లూక్రాస్, 1996లో విశాఖలో మొదలైన జంతు సంరక్షణ సంఘం ఇలాంటి పని చేస్తూ వస్తున్నవే.

చంపకూడదన్న నియమం గొప్పది. నేను దాన్ని తక్కువ చెయ్యడం లేదు. కానీ చంపకూడదనుకున్న మరుక్షణం ఒక లెక్క మొదలవుతుంది. గదులు ఇన్నే ఉంటాయి, వచ్చేవి ఆగవు. బయటకు ఇళ్ళల్లోకి వెళ్ళే దారి లేకపోతే షెల్టరు జైలవుతుంది. పదికి చోటున్న గదిలో ముప్ఫై ఉంటే ఒకదాని జలుబు అన్నిటికీ అంటుకుంటుంది, బలహీనమైనవి పోతాయి. అక్కడ కూడా ఎవరూ చంపరు, అవే చచ్చిపోతాయి. అందుకే దత్తత లేని నో కిల్ అబద్ధం. ఒక పిల్లిని ఇంటికి తీసుకెళ్తే ఒకటి కాదు, రెండు బతుకుతాయి. రెండోది ఖాళీ అయిన చోట్లోకి వచ్చేది.

ఈ సంగతి ఆడవాళ్ళకు కొత్తగా చెప్పాలా? స్టేట్ హోములు, ఆశ్రయ సదనాలు, రక్షణ గృహాలు మనకు లేవా? 2018లో బీహారు ముజఫర్‌పూర్ షెల్టర్ హోములో ఆడపిల్లల మీద జరిగిన అత్యాచారాలు బయటపడినప్పుడు, ఆ పిల్లల్ని అక్కడికి తెచ్చింది కాపాడటం కోసమేనని గుర్తుచేసుకోవాల్సి వచ్చింది. ఆశ్రయం అనేది ఒక మజిలీ. అక్కణ్ణించి ఇంటికి దారి ఉండాలి. ఆ దారి మూసేసి ఆశ్రయమిచ్చామని చెప్పుకోవడం కూడా "చంపలేదు గదా"కి ఇంకో రూపమే.

దత్తత పత్రం ఇచ్చారు. నాలుగు పేజీలు. ఇంట్లో కిటికీలకు జాలీ ఉందా, ఏ అంతస్తు, ఏం పెడతారు, టీకాలు ఎవరు వేయిస్తారు, ఊరెళ్తే ఎవరు చూస్తారు. మంచి ప్రశ్నలు. మూడో పేజీలో ఒక ప్రశ్న ఉంది: "మీరు అవివాహితులైతే, పెళ్ళయ్యాక పిల్లిని ఏం చేస్తారు?" దాని కిందే ఇంకొకటి: "ఇంటి పెద్ద అంగీకారం ఉందా? సంతకం." నాకు నలభై ఆరేళ్ళు. ఇరవై ఏళ్ళుగా జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్తున్నాను. నా ఇంటి పెద్దను నేనే అని రాసి, నేనే సంతకం పెట్టాను. అక్కడున్న అమ్మాయి, పాతికేళ్ళుంటాయేమో, ఇబ్బందిగా నవ్వింది. "ఏమీ అనుకోవద్దు మేడమ్. మా దగ్గరకు తిరిగొచ్చే పిల్లుల్లో చాలా వాటిని తెచ్చేది అమ్మాయిలే. ఏడుస్తూ తెస్తారు. పెళ్ళి కుదిరిందనో, కడుపొచ్చిందనో, అత్తగారికి ఇష్టం లేదనో."

ఆ పిల్ల చెప్పింది నిజమే. ఆ ప్రశ్న అనుభవంలోంచి వచ్చింది. కానీ అందులో దాగున్న ఒప్పుకోలు చూడండి. అబ్బాయి పెళ్ళి చేసుకుంటే అతని కుక్క ఎక్కడికీ పోదు. ఇల్లు అతనిది. ఆ ఇంట్లోకి వచ్చే అమ్మాయి ఆ కుక్కతో సర్దుకోవాలి. అమ్మాయి పెళ్ళి చేసుకుంటే పుస్తకాలు, సైకిలు, స్నేహితులు, ఒక్కోసారి ఉద్యోగం, పేరు చివర ఇంటిపేరు, వీటితో పాటు పిల్లీ పోతుంది. అమ్మాయికి మనసు మారి కాదు, చూరు మారి. ప్రాణిని ప్రేమించే పని ఆడవాళ్ళకు అప్పజెప్పి, ఆ ప్రాణి తలదాచుకోవడానికి కావలసిన కప్పు మాత్రం ఆడవాళ్ళ చేతికివ్వని సమాజం మనది. షెల్టరు గదుల్లో ఉన్న పిల్లులు ఎవరో కఠినాత్ముల పాపం అనుకుంటాం. వాటిలో కొన్ని ఆస్తి హక్కు లేని ఆడవాళ్ళ కన్నీళ్ళు.

చట్టంలో హక్కు లేక కాదు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా అని కేంద్రం 2005లో అన్నదాన్ని, పెళ్ళికాని ఆడపిల్లలకు ఆంధ్రప్రదేశ్ 1985 నుంచే వర్తింపజేసింది. దేశానికి దారి చూపించిన రాష్ట్రం మనది. కానీ మిరప కోతకు, పత్తి తీతకు, పొగాకు గ్రేడింగుకు వంగే నడుములు ఎవరివో, పాసుపుస్తకాల మీద పేర్లు ఎవరివో మన ఊళ్ళల్లోకి వెళ్ళి చూస్తే చాలు. పసుపు కుంకుమల కింద ఇచ్చేశాం గదా అని చెల్లెలి చేత హక్కు వదులుకున్నట్టు సంతకం పెట్టించుకునే అన్నలు ఇప్పటికీ మన బంధువుల్లోనే ఉన్నారు.

నాకూ సొంత ఇల్లు లేదు. చుక్కను తెచ్చుకునే ముందు అద్దె ఇల్లు మారాల్సి వచ్చింది, పాత ఇంటివాళ్ళు పిల్లి వద్దన్నారు గనక. ఒంగోలులో ఒంటరి ఆడది అద్దె ఇల్లు వెతకడం ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు తెలుసు. మొదటి ప్రశ్న "మీ వారేం చేస్తారు?" రెండోది "మీరేవుట్లు?" అంటే కులం. మూడోది "నీచు వండుతారా?" నా విషయంలో నాలుగోది కూడా చేరింది. పిల్లి మాంసాహారి. దానికి ఇష్టం గనక కాదు, దాని శరీరం అలా తయారైంది గనక. మాంసంలో తప్ప దొరకని పోషకాలు లేకపోతే కళ్ళు పోతాయి, గుండె దెబ్బతింటుంది. పాలూ పెరుగన్నం పెట్టి పెంచుతామనే శాకాహారపు దయ దాన్ని మెల్లగా చంపుతుంది. ఆరు ఇళ్ళల్లో కాదన్నారు. ఒక పెద్దావిడ గేటు దగ్గరే చెప్పేసింది. "మేం నీచు తినేవాళ్ళకివ్వమమ్మా. పిల్లైనా ఒకటే, మనిషైనా ఒకటే." ఎంత నిజం చెప్పిందావిడ! దళితులకూ, ముస్లిములకూ, ఒంటరి ఆడవాళ్ళకూ మూసుకునే గేటు, పిల్లికి మూసుకునే గేటు ఒకటే. ఏడో ఇల్లు దొరికింది. పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. ఇక్కడ ఒక పిల్లి కోసం ఒక మనిషి ఏడిళ్ళు తిరిగింది.

ఇక గర్భిణి భయం. ఇంట్లో కోడలికి నెల తప్పగానే పిల్లి గోనెసంచిలోకి వెళ్తుంది. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి వల్ల బిడ్డకు ప్రమాదమని ఎవరో చెప్తారు. ప్రమాదం అబద్ధం కాదు. కానీ మిగతా సగం ఎవరూ చెప్పరు. పిల్లి సాధారణంగా మొదటిసారి ఆ క్రిమి సోకినప్పుడు, ఒకటి నుంచి మూడు వారాలపాటే దాన్ని మలంలో విసర్జిస్తుంది. విసర్జించిన వెంటనే అది అంటుకోదు, కనీసం ఒక రోజు పడుతుంది. అంటే ఏ రోజుకారోజు మలం తీసేస్తే ప్రమాదం చాలావరకు పోతుంది. సగం ఉడికిన మాంసం, కడగని కూరలు, చేతికి తొడుగు లేకుండా చేసే మట్టిపని కూడా ఆ క్రిమికి దారులే. మరి కడుపుతో ఉన్న కూలితల్లి మట్టిలో పనిచేస్తుంటే ఎవరికీ రాని భయం పిల్లి దగ్గరే ఎందుకు వస్తుంది? దీనికి డాక్టర్లు చెప్పే పరిష్కారం చాలా చిన్నది. ఆ తొమ్మిది నెలలూ పిల్లి మలం ఇంట్లో ఇంకొకరు తియ్యాలి. ఇంకొకరు అంటే భర్త. పిల్లిని ఊరవతల వదిలి రావడానికి పది కిలోమీటర్లు స్కూటరు నడిపే మనిషి, వరండాలో ఉన్న ఇసక తొట్టి దాకా నడవలేడు.

చుక్కను చూసి మా కాలేజీలో అడిగిన మొదటి మాట "ఇదే జాతి?" జాతి లేదు, నాటు పిల్లి అంటే మొహాలు మారాయి. "షాపులో పర్షియన్ పిల్లి దొరుకుద్ది గదా, ఒంటి కన్నుదాన్ని తెచ్చుకోవడమేంది?" ఒంగోలువాళ్ళకు జాతి మాట మహా ఇష్టం. మన గిత్త పేరు ఖండాలు దాటింది. బ్రెజిలులో నెల్లూరు పేరుతో స్థిరపడిన మన జాతి ఆవు వయాటినా-19 విలువ సుమారు నలభై కోట్ల రూపాయలని 2025లో పేపర్లలో చదివి పొంగిపోయాం. ఆ ఆవు అండాలకు కూడా వేలంలో ధర ఉందని అదే వార్తల్లో ఉంది. ఆ సంగతి దగ్గర ఎవరూ ఆగలేదు. జాతి అంటే ఎప్పుడూ ఆడదాని గర్భం మీద కాపలా. ఆవు విషయంలో అయినా, మనుషుల కులం విషయంలో అయినా. షాపులో అద్దం పెట్టెలో కూర్చున్న పర్షియన్ కూన వెనక, బోనులో ఈత వెంట ఈత ఈనే ఒక తల్లి పిల్లి ఉంటుంది. దాన్ని కొనేవాళ్ళెవరూ చూడరు. ముద్దుగా ఉందని మనం మెచ్చుకునే ఆ అణిగిన ముక్కు వల్ల చాలా వాటికి ఊపిరి సరిగా ఆడదు, కళ్ళు కారుతుంటాయి. జాతిలేని పిల్లిని ఇంటికి తెచ్చుకోవడం నా వరకు ఒక రాజకీయ నిర్ణయం.

దత్తత అన్న మాట వాడినందుకు నొచ్చుకున్న బంధువులున్నారు. "దత్తత అంటే ఎంత పవిత్రమైంది, పిల్లికా?" మన దత్తత చరిత్ర కాస్త తిరగేద్దాం. మన సంప్రదాయంలో దత్తత కొడుకు కోసం, పిండం పెట్టడానికి, ఆస్తి గడప దాటకుండా ఉండటానికి. 1956 నాటి హిందూ దత్తత చట్టంలో కూడా పెళ్ళైన స్త్రీకి, భర్త ఉండగా తన పేరున దత్తత తీసుకునే హక్కు మామూలుగా లేదు. 2010లో సవరించేదాకా ఆమె పని అంగీకారం తెలపడమే. సవరణ తర్వాత కూడా భర్త ఒప్పుకోవాలి. చుక్క నాకు పిండం పెట్టదు. నా ఇంటిపేరు నిలబెట్టదు. పెద్దయ్యాక చూసుకోదు. ఏ లాభమూ లేకుండా ఒక ప్రాణిని నీదీ ఈ ఇల్లే అనడం మన దత్తతల్లో ఎన్నిటికి చేతనైంది?

"పిల్లల్లేని లోటు గదమ్మా పాపం" అనేవాళ్ళకు కూడా చెప్పాలి. లోటేమీ లేదు. చుక్క నాకు బిడ్డ కాదు, పిల్లే. ఆడది ఏ ప్రాణిని దగ్గరకు తీసుకున్నా అందులో మాతృత్వమే వెతికే చూపుకు ఇంకేమీ కనబడదు. కుక్కతో పొద్దున్నే నడకకు వెళ్ళే మగవాణ్ణి చూసి ఎవరూ పాపం పిల్లల్లేరేమో అనరు.

అన్నిటికన్నా పెద్ద అభ్యంతరం ఒకటుంది. అది మన ఉద్యమ మిత్రుల నుంచే వస్తుంది. "మనుషులకే దిక్కులేదు, పిల్లులేంటి? అనాథ పిల్లల్లేరా?" నేను గౌరవించేవాళ్ళు అడుగుతారు గనక దీనికి సూటిగా జవాబు చెప్పాలి. ఈ ప్రశ్న క్రికెట్టు చూసేవాణ్ణి ఎవరూ అడగరు. పెళ్ళికి లక్షలు తగలేసేవాణ్ణి అడగరు. సంతాన నిరోధం గురించీ, ఇంటి చాకిరి విలువ గురించీ, చివరికి భాష గురించీ స్త్రీలు మాట్లాడినప్పుడల్లా "ఆకలి చావులుండగా ఇవా?" అని అడిగిన గొంతే ఇది. దయ కందిపప్పు కాదు, ఒకరికి పెడితే ఇంకొకరికి తక్కువ పడటానికి. కొత్తపట్నం నుంచి బుట్టతో వచ్చి మా వీధి మొగలో చేపలమ్మే ఆమె, మిగిలిన పొట్టూ తలకాయలూ రోజూ మూడు పిల్లులకు వేసిపోతుంది. ఆమెకు మనుషుల కష్టం తెలియదని ఎవరనగలరు? మనుషులకే దిక్కులేదని నాతో అన్నవాళ్ళల్లో ఆమె లేదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ప్రేమ పేరుతో ఈ పనంతా మళ్ళీ ఆడవాళ్ళ నెత్తిన పడుతోంది. నేను చూసిన షెల్టరులో బోన్లు కడిగేవాళ్ళు, మందులు వేసేవాళ్ళు, వీధుల్లో గిన్నెలు పెట్టేవాళ్ళు ఎక్కువమంది స్త్రీలు. కొందరికి జీతం లేదు, కొందరికి చాలీచాలనిది. వీధి కుక్కలకు తిండి పెట్టే ఆడవాళ్ళను కాలనీల్లో తిట్టడం, కొట్టడం కూడా చూస్తున్నాం. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. పదకొండు రోజులకే ఆ ఉత్తర్వును సవరించి, ఆపరేషను, టీకా అయినవాటిని, రేబిస్ ఉన్నవాటినీ దూకుడుగా ఉండేవాటినీ తప్పించి, తెచ్చిన చోటే వదలమంది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి వాటిని తీసుకెళ్ళి షెల్టర్లలో పెట్టమంది. కుక్కకాటు భయం నిజమైన భయం, ముఖ్యంగా పేదల పిల్లలకు. కానీ ఆ షెల్టర్లు ఎవరు కడతారు, ఎవరు కడుగుతారు అన్న ప్రశ్న వచ్చినప్పుడు అందరూ ఎవరి వైపు చూస్తారో మనకు తెలుసు. పిల్లులైతే ఆ వాదనల్లో కూడా లేవు. 2019 పశుగణనలో వీధికుక్కలు కోటీ యాభై మూడు లక్షలు, వీధి పశువులు యాభై లక్షలు అని లెక్క తేలింది. పిల్లులకు లెక్క లేదు. లెక్కలో లేనివాటి బాధ్యత ఎవరిదీ కాదు. ఇంటి చాకిరీ లెక్క అంతే గదా!

ఇంకో లెక్క కూడా చూడండి. షెల్టరులో ఆడ పిల్లికీ మగ పిల్లికీ ఇద్దరికీ ఆపరేషను చేసి గానీ బయటకు పంపరు. మగదానికి చెయ్యడం తేలిక, గాయం చిన్నది గనక దాన్నసలు వదలరు. మనుషుల్లో కూడా మగవాడి ఆపరేషనే తేలిక. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్ళైన స్త్రీలలో దాదాపు డెబ్బై శాతం మంది ఆపరేషను చేయించుకున్నారు. మగవాళ్ళ ఆపరేషన్లు ఒక్క శాతం కూడా లేవు. పిల్లుల షెల్టరులో ఉన్నపాటి సమానత్వం మన సంసారాల్లో లేదు.

అందుకే నేను అడిగేది దయ కాదు. పిల్లుల్ని ప్రేమించండి అని ఎవరినీ బతిమాలడం లేదు. ఇష్టం లేనివాళ్ళు పెంచక్కర్లేదు. ఒంగోలు నగరపాలక సంస్థ కుక్కలకు చేసే ఆపరేషన్లూ టీకాలూ పిల్లులకు కూడా చెయ్యాలి. ఆ పని చేసేవాళ్ళకు జీతం ఇవ్వాలి. పశువుల ఆసుపత్రిలో గిత్తకు దొరికే చూపులో కొంతైనా ఒంటికన్ను పిల్లికి దొరకాలి. పిల్లి కరిచినా రక్కినా పదిహేను నిమిషాలు సబ్బునీళ్ళతో కడుక్కుని ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలని బడుల్లో చెప్పాలి. 1960 నాటి యాభై రూపాయల జరిమానాను మార్చాలి. దత్తత పత్రాల్లోంచి "ఇంటి పెద్ద" సంతకం తీసెయ్యాలి. పెళ్ళయ్యాక ఏం చేస్తారన్న ప్రశ్న ఉంచదలిస్తే అబ్బాయిల్ని కూడా అడగాలి.

ఆడపిల్లలకు మాత్రం ఒక మాట చెప్తాను. పెళ్ళి మాటలప్పుడు కట్నం, ఉద్యోగం, కాపురం ఎక్కడ అని అడుగుతారు గదా. నా పిల్లి నాతో వస్తుందా అని మీరు కూడా అడగండి. నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ ప్రశ్నకు వాళ్ళు చెప్పే జవాబులో ఆ ఇంట్లో మీ చోటెంతో ఉంటుంది. మీ పిల్లికి చోటు లేని ఇంట్లో మీ పుస్తకానికి, మీ స్నేహితురాలికి, జబ్బుపడిన మీ అమ్మకు చోటుంటుందని నమ్మకండి. రేపు మిమ్మల్ని గుమ్మం దగ్గర దించి "చంపలేదు గదా" అనే నోరు కూడా అదే.